తొమ్మిదో మ్యాచ్ ఏమైంది?

క్రికెట్ స్కోర్లతో ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే బయటపడే చిక్కులు, వాటి వెనకున్న కారణాలు

2011 ప్రపంచకప్‌లో భారత జట్టు తొమ్మిది మ్యాచ్‌లు ఆడింది. మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో మొదలుపెట్టి వాంఖడేలో శ్రీలంకతో ముగించింది. ఈ తొమ్మిదింటినీ ఒక టేబుల్‌లోకి ఎక్కించి, చివర 'విజేత' అనే కాలమ్ పెట్టి, కంప్యూటర్‌ని రెండు ప్రశ్నలు అడిగామనుకుందాం. విజేత భారత్ అయిన మ్యాచ్‌లెన్ని? 7 అంటుంది. విజేత భారత్ కాని మ్యాచ్‌లెన్ని? 1 అంటుంది. ఏడూ ఒకటీ ఎనిమిది. టేబుల్‌లో వరసలు చూస్తే తొమ్మిదీ భద్రంగానే ఉన్నాయి.

క్రికెట్ చూసేవాళ్లు లెక్కలోకి రాని ఆ మ్యాచ్ ఏదో వెంటనే చెప్పేస్తారు. ఫిబ్రవరి 27న బెంగళూరులో ఇంగ్లండ్‌తో ఆడిన మ్యాచ్. సచిన్ 120 కొడితే స్ట్రాస్ 158 కొట్టాడు. రెండు జట్లూ సరిగ్గా 338 దగ్గర ఆగాయి. టై. సరే, ఏ మ్యాచో తెలిసింది. కానీ ఆ మ్యాచ్‌లో భారత్ గెలవలేదు కదా, 'భారత్ కాని' లెక్కలోకి ఎందుకు రాలేదు? కంప్యూటర్ తప్పు చేసిందా? చేయలేదు. దాని నియమాల ప్రకారం అది చెప్పినదే సరైన జవాబు. ఆ నియమాలేమిటో తెలిస్తే, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో సగం పట్టుబడినట్టే.

ఎస్‌క్యూఎల్ నేర్పే చాలా కోర్సుల్లో ఉద్యోగులు, జీతాలు, డిపార్ట్‌మెంట్ల టేబుల్ ఇస్తారు. నా దృష్టిలో మొదట అభ్యాసం చేసేవాళ్లకు అంతకంటే పనికిరానిది లేదు. లేని ఉద్యోగుల లేని జీతాల సగటు 41,000 వచ్చిందంటే అది తప్పో ఒప్పో ఎవరికి తెలుస్తుంది? ఎర్రర్ రాలేదు కాబట్టి ఒప్పే అనుకుని ముందుకెళ్లిపోతాం. ఆటల డేటాతో ఆ ఇబ్బంది లేదు. జవాబు ముందే తెలుసు. క్వెరీ, అంటే మనం రాసిన ప్రశ్న, వేరే అంకె ఇస్తే తప్పు ఎక్కడుందో వెతకక తప్పదు, ఆ వెతుకులాటలోనే పాఠం ఒంటబడుతుంది.

ఏం కావాలో చెబితే చాలు

ముందు పద్ధతి చూద్దాం. డేటాబేస్ అంటే కొన్ని టేబుళ్లు. ప్రతి టేబుల్‌లో అడ్డంగా వరసలు, నిలువుగా కాలమ్‌లు. ఒక వరస ఒక సంగతి చెబుతుంది. ఇక్కడైతే ఒక ఆటగాడు ఒక మ్యాచ్‌లో ఏం చేశాడన్నది ఒక వరస. ప్రశ్న ఇలా ఉంటుంది:

సెలెక్ట్ ప్రత్యర్థి, పరుగులు
ఫ్రమ్ బ్యాటింగ్
వేర్ పరుగులు >= 50

బ్యాటింగ్ అనే టేబుల్‌లో నుంచి, పరుగులు 50 గాని అంతకు మించి గాని ఉన్న వరసలు ఏరి, వాటిలో ప్రత్యర్థి పేరూ పరుగులూ మాత్రం చూపించు అని అర్థం. (చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

ఈ క్వెరీలో లేనిదేమిటో గమనించండి. పై వరస నుంచి మొదలుపెట్టమని గాని, ఒక్కొక్క వరసా చూసుకుంటూ కిందికి దిగమని గాని ఎక్కడా చెప్పలేదు. మనం అడిగింది ఏం కావాలో మాత్రమే. దాన్ని ఎలా తేవాలన్నది డేటాబేస్ సొంతంగా తేల్చుకుంటుంది. టేబుల్ చిన్నదైతే మొత్తం తిరగేస్తుంది. పెద్దదై, పుస్తకం వెనక సూచికలాంటి ఇండెక్స్ ఉంటే నేరుగా కావలసిన చోటికే వెళ్తుంది. ఇప్పుడిది మామూలుగా అనిపిస్తుంది గాని, 1960లలో పరిస్థితి ఇలా లేదు. డేటా ఏ క్రమంలో ఉందో, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు గొలుసు ఉందో ప్రోగ్రామర్‌కు తెలియాలి. ఆ గొలుసు మారితే ప్రోగ్రామ్ తిరగరాయాలి.

| పెట్టె: ఇది ఎక్కడి నుంచి వచ్చింది?
| ఎడ్గార్ కాడ్ ఇంగ్లండ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ పైలట్. తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరాడు. డేటాను టేబుళ్లుగా చూస్తే చాలునని, అది డిస్కు మీద ఎలా పేర్చి ఉందో అడిగేవాడికి అక్కర్లేదని 1970లో ఒక పరిశోధనా పత్రంలో ప్రతిపాదించాడు. ఆయన రాత నిండా గణితమే. దాన్ని మామూలు ఇంగ్లిష్ వాక్యంలా కనిపించే భాషగా మలిచింది అదే సంస్థ శాన్‌హోసే లేబొరేటరీలో పనిచేసిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్. వాళ్ల పత్రం 1974లో వచ్చింది. బాయిస్ ఆ ఏడాదే చిన్న వయసులో చనిపోయాడు. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు దక్కింది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎస్‌క్యూఎల్‌ను ప్రామాణిక భాషగా ఆమోదించింది.

సున్నా వేరు, ఖాళీ వేరు

ఇక అసలు డేటా. ఆ టోర్నీలో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ యువరాజ్ సింగ్. అతని బ్యాటింగ్ ఇదీ (ఆటకు తగ్గట్టు * గుర్తు అంటే నాటౌట్):

ఫిబ్రవరి 19, మీర్పూర్, బంగ్లాదేశ్: బ్యాటింగ్ రాలేదు
ఫిబ్రవరి 27, బెంగళూరు, ఇంగ్లండ్: 58
మార్చి 6, బెంగళూరు, ఐర్లండ్: 50*
మార్చి 9, ఢిల్లీ, నెదర్లాండ్స్: 51*
మార్చి 12, నాగ్‌పూర్, దక్షిణాఫ్రికా: 12
మార్చి 20, చెన్నై, వెస్టిండీస్: 113
మార్చి 24, అహ్మదాబాద్, ఆస్ట్రేలియా: 57*
మార్చి 30, మొహాలీ, పాకిస్థాన్: 0
ఏప్రిల్ 2, ముంబై, శ్రీలంక: 21*

మొత్తం 362 పరుగులు. ఇప్పుడు మొదటి వరసనూ ఎనిమిదో వరసనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొహాలీ సెమీఫైనల్లో యువరాజ్ క్రీజులోకి వచ్చాడు, వహాబ్ రియాజ్ వేసిన మొదటి బంతికే బౌల్డయ్యాడు. అది సున్నా. మీర్పూర్‌లో సెహ్వాగ్ 175, కోహ్లీ 100 నాటౌట్‌తో చెలరేగడంతో జట్టు నాలుగు వికెట్లకే 370 చేసింది. యువరాజ్‌కు ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడమే మిగిలింది. అది సున్నా కాదు. అసలు అంకే లేదు. ఎస్‌క్యూఎల్‌లో ఇలాంటి ఖాళీని 'నల్' అంటారు.

డేటా ఎక్కించేవాళ్లలో కొందరు ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోలేరు. అక్కడో సున్నా పెట్టేస్తారు. దాని ఫలితం చూడండి. సగటు కావాలంటే ఎస్‌క్యూఎల్‌లో ఏవీజీ అనే తయారు ఫంక్షన్ ఉంది:

సెలెక్ట్ ఏవీజీ(పరుగులు) ఫ్రమ్ బ్యాటింగ్

మీర్పూర్ గడిలో సున్నా ఉంటే 362ని తొమ్మిదితో భాగిస్తుంది. 40.22 వస్తుంది. నల్ ఉంటే ఏవీజీ ఆ వరసను వదిలేసి ఎనిమిదితో భాగిస్తుంది. 45.25 వస్తుంది. ఒక్క గడిలో ఏం రాశారన్న దాన్ని బట్టి అయిదు పరుగుల తేడా.

విశేషమేమిటంటే ఈ రెండూ తప్పే. రికార్డు పుస్తకాల్లో ఆ టోర్నీకి యువరాజ్ సగటు 90.50. క్రికెట్‌లో బ్యాటింగ్ సగటును ఇన్నింగ్స్‌తో భాగించి తీయరు, ఎన్నిసార్లు ఔటయ్యాడో దానితో భాగిస్తారు. యువరాజ్ ఔటయింది నాలుగుసార్లే. ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా, వెస్టిండీస్, పాకిస్థాన్ మీద. ఏవీజీ ఫంక్షన్‌కు ఈ ఆచారం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందువల్ల ఔటైతే 1, కాకపోతే 0 అని ఇంకో కాలమ్ పెట్టుకుని మనమే రాసుకోవాలి:

సెలెక్ట్ సమ్(పరుగులు) / సమ్(ఔట్) ఫ్రమ్ బ్యాటింగ్

ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఎస్‌క్యూఎల్‌లైట్‌లో గాని పోస్ట్‌గ్రెస్‌లో గాని ఈ క్వెరీ నడిపితే 90.50 రాదు. 90 వస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఆ డేటాబేస్‌లు పూర్ణాంకమే ఇస్తాయి, దశాంశం తర్వాతది కోసేస్తాయి. మైఎస్‌క్యూఎల్ అలా చేయదు. భాగహారంలో పైనున్న మొత్తాన్ని 1.0తో గుణిస్తే సమస్య తీరుతుంది. బ్రాడ్‌మన్ మీద ఇదే క్వెరీ నడిపితే, ప్రపంచంలో క్రికెట్ చదివినవాళ్లందరికీ కంఠతా వచ్చిన 99.94 కాస్తా 99 అయి కూర్చుంటుంది. ఏవీజీ వాడితే మరీ అన్యాయం. 6,996 పరుగుల్ని 80 ఇన్నింగ్స్‌కు పంచి 87.45 చేతిలో పెడుతుంది. పదిసార్లు నాటౌట్‌గా మిగిలాడన్న సంగతి గాలికి పోతుంది.

మన హైదరాబాద్ మిథాలీ రాజ్ లెక్క ఇంకా దారుణంగా మారుతుంది. వన్డేల్లో 211 ఇన్నింగ్స్, 7,805 పరుగులు, 57 సార్లు నాటౌట్. అసలు సగటు 50.68. ఏవీజీ చెప్పేది 36.99. ఎక్కువసార్లు చివరిదాకా నిలబడి జట్టును ఒడ్డున పడేసిన బ్యాటర్‌కే ఈ ఫంక్షన్ ఎక్కువ నష్టం చేస్తుంది. ఎర్రర్ మెసేజ్ మాత్రం ఎక్కడా రాదు.

'భారత్ కాదు' అంటే కంప్యూటర్‌కు ఏమని అర్థం?

బెంగళూరు టై దగ్గరకు వద్దాం. ఆ మ్యాచ్‌కు విజేత లేరు కాబట్టి ఆ గడి నల్. మనం అడిగింది:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ మ్యాచ్‌లు వేర్ విజేత <> 'భారత్'

రెండు విలువల్ని పోల్చితే అవును లేదా కాదు అన్న రెండు జవాబులే ఉంటాయని మనం అనుకుంటాం. ఎస్‌క్యూఎల్‌లో మూడో జవాబు ఉంది: 'తెలియదు'. నల్ అంటే 'ఎవరూ కాదు' అని దాని అర్థం కాదు. 'ఈ గడిలో ఏముండాలో నాకు తెలియదు' అని. ఎవరు గెలిచారో తెలియనప్పుడు, గెలిచింది భారత్ కాదని మాత్రం ఎలా చెప్పగలదు? అందుకని పోలిక ఫలితం 'తెలియదు' అయింది. ఇక వేర్ దగ్గర నియమం కచ్చితం: జవాబు 'అవును' అయిన వరసకే ప్రవేశం. 'కాదు' వచ్చినా 'తెలియదు' వచ్చినా బయటే. విజేత భారతా అని అడిగినప్పుడూ 'తెలియదు', భారత్ కాదా అని అడిగినప్పుడూ 'తెలియదు'. ఇంగ్లండ్ మ్యాచ్ రెండు తలుపుల దగ్గరా ఆగిపోయింది.

ఇది పట్టుకున్నవాళ్లు వెంటనే చేసే పని, వేర్ విజేత = నల్ అని రాయడం. దానికి సున్నా వరసలు వస్తాయి. తెలియనిదాన్ని తెలియనిదానితో పోల్చినా వచ్చేది 'తెలియదు' కదా! నల్ కోసం వేరే మాట ఉంది, ఈజ్ నల్ అని. వేర్ విజేత <> 'భారత్' ఆర్ విజేత ఈజ్ నల్ అంటే రెండు మ్యాచ్‌లు వస్తాయి. నాగ్‌పూర్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఓడినదీ, బెంగళూరులో టై అయినదీ. ఏడూ రెండూ తొమ్మిది.

అంతటితో అయిపోయిందా అంటే, కాలేదు. అదే టోర్నీలో మార్చి 5న కొలంబోలో శ్రీలంక, ఆస్ట్రేలియా మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. దానికీ విజేత నల్. దాదాపు నూరు ఓవర్లు ఆడి సమానంగా నిలిచిన మ్యాచ్, ముప్పై మూడు ఓవర్లు కూడా నిండక ముందే ఆగిపోయిన మ్యాచ్, టేబుల్‌లో ఒకేలా కనిపిస్తాయి. కాడ్‌కు ఈ చిక్కు తెలుసు. ఉండి కూడా మనకు తెలియనిది ఒక రకం, అసలు ఉండే అవకాశమే లేనిది ఇంకో రకం అని, ఖాళీలకు రెండు వేర్వేరు గుర్తులు ఉండాలని తర్వాత్తర్వాత ఆయన వాదించాడు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఒకే నల్ మిగిలిపోయింది. కాబట్టి క్రికెట్ టేబుల్ తయారుచేసేవాళ్లు 'విజేత'తో పాటు 'ఫలితం' అని మరో కాలమ్ పెట్టి గెలుపు, టై, ఫలితం తేలలేదు అని రాసుకోవడం మంచిది. 2019 ప్రపంచకప్ ఫైనల్‌కు ఏం రాయాలో అప్పుడైనా తల పట్టుకోక తప్పదనుకోండి. 241 దగ్గర టై, సూపర్ ఓవర్ కూడా 15 దగ్గర టై, బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ విజేత!

గూళ్లలో వేసి లెక్కపెట్టడం

ఒక్క యువరాజ్‌ను వదిలి జట్టంతటినీ తీసుకుందాం. టోర్నీ మొత్తమ్మీద 350 పరుగులు దాటిన భారత బ్యాటర్లు ఎవరు? క్వెరీ ఇలా ఉంటుంది:

సెలెక్ట్ ఆటగాడు, సమ్(పరుగులు)
ఫ్రమ్ బ్యాటింగ్
వేర్ జట్టు = 'భారత్'
గ్రూప్ బై ఆటగాడు
హ్యావింగ్ సమ్(పరుగులు) > 350

మొదటిసారి చూసేవాళ్లకు వేర్ ఎందుకు, హ్యావింగ్ ఎందుకు, రెండూ షరతులే కదా అనిపిస్తుంది. పోస్టాఫీసులో ఉత్తరాల సార్టింగ్ చూసినవాళ్లకు ఇది సులువు. సంచి కుమ్మరించగానే మన మండలానివి కాని ఉత్తరాలు ముందే పక్కన పడేస్తారు. అది వేర్. ఒక్కో ఉత్తరాన్ని విడిగా చూసి తీసుకునే నిర్ణయం. మిగిలినవాటిని ఊరికో గూడు చొప్పున వేస్తారు. అది గ్రూప్ బై. గూళ్లు నిండాక, కట్ట కట్టేటంత ఉన్నవి ఏవో చూసి వాటినే తీస్తారు. అది హ్యావింగ్. ఉత్తరం ఒకటి చేతిలో ఉండగా ఆ ఊరికి మొత్తం ఎన్ని వస్తాయో ఎవరికీ తెలియదు. అందుకే మొత్తాల మీద పెట్టే షరతు వేర్‌లో చెల్లదు.

రాసే వరసలో సెలెక్ట్ ముందుంటుంది గాని, జరిగే వరస వేరు. ఫ్రమ్, వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆ తర్వాతే సెలెక్ట్, చివర ఆర్డర్ బై. క్వెరీని ఈ వరసలో చదవడం అలవాటు చేసుకుంటే సగం తికమక పోతుంది.

పై క్వెరీకి నాలుగు పేర్లు వస్తాయి. సచిన్ 482, గంభీర్ 393, సెహ్వాగ్ 380, యువరాజ్ 362. షరతును పొరపాటున వేర్ పరుగులు > 350 అని రాస్తే ఒక్క పేరూ రాదు, ఒక్క ఇన్నింగ్స్‌లో 350 కొట్టినవాడు లేడు కాబట్టి. ఖాళీ జవాబు వస్తే కనీసం అనుమానమైనా కలుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది వేర్ పరుగులు >= 50 అన్న షరతు పొరపాటున మిగిలిపోవడం. అప్పుడు యువరాజ్ మొత్తం 329 వస్తుంది. నాగ్‌పూర్ 12, ముంబై 21 చెప్పకుండా రాలిపోతాయి. 329 అన్నది నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది కదా!

135 వికెట్ల యువరాజ్

యువరాజ్ ఆ టోర్నీలో 15 వికెట్లు కూడా తీశాడు. బ్యాటింగ్ ఒక టేబుల్, బౌలింగ్ ఇంకో టేబుల్. రెండింటినీ కలిపి ఒకే వరసలో పరుగులూ వికెట్లూ చూపించాలంటే జాయిన్ వాడాలి. కొత్తవాళ్లు ఇలా రాస్తారు: బ్యాటింగ్ టేబుల్‌లోని ఆటగాడి నంబరూ బౌలింగ్ టేబుల్‌లోని ఆటగాడి నంబరూ సమానమైతే కలుపు. చూడ్డానికి ఏ లోపమూ లేదు. జవాబు: యువరాజ్ సింగ్, 3,258 పరుగులు, 135 వికెట్లు.

ఏం జరిగింది? బ్యాటింగ్‌లో యువరాజ్ వరసలు తొమ్మిది. తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ బౌలింగ్ చేశాడు కాబట్టి అక్కడా తొమ్మిది. ఆటగాడు ఒకడే అయితే చాలని మనమే అన్నాం. మీర్పూర్ బ్యాటింగ్ వరస పక్కకు మీర్పూర్ బౌలింగ్ వచ్చింది, బెంగళూరు బౌలింగ్ వచ్చింది, చెన్నై బౌలింగ్ వచ్చింది, అలా తొమ్మిదీ వచ్చాయి. ప్రతి బ్యాటింగ్ వరసకూ ఇదే జరిగి మొత్తం 81 వరసలయ్యాయి. ప్రతి పరుగునూ తొమ్మిదిసార్లు, ప్రతి వికెట్‌నూ తొమ్మిదిసార్లు కూడింది. ఆటగాడితో పాటు మ్యాచ్ నంబరు కూడా సమానం కావాలని చేరిస్తే 81 కాస్తా తొమ్మిదికి దిగుతుంది. 362, 15 అని సరైన లెక్క వస్తుంది.

135 వికెట్లు కాబట్టి పట్టుబడింది. ఇదే పొరపాటు ఏదైనా కంపెనీ అమ్మకాల లెక్కలో జరిగి, ఆదాయం రెట్టింపు కనిపిస్తే పట్టుకునేవాళ్లు తక్కువ. సంతోషించేవాళ్లే ఎక్కువ.

జాయిన్ మనుషుల్ని మాయం కూడా చేస్తుంది. మామూలు జాయిన్ రెండు టేబుళ్లలోనూ ఉన్నవాళ్లనే చూపిస్తుంది. బౌలింగ్ టేబుల్‌లో వికెట్‌కీపర్ ధోని లేడు. కప్పు అందుకున్న కెప్టెనే జాబితాలోంచి పోతాడు! మొదటి టేబుల్‌లోని వాళ్లందరినీ ఉంచి, రెండోదాంట్లో జోడీ దొరకని చోట నల్ పెట్టమంటే దాన్ని లెఫ్ట్ జాయిన్ అంటారు. నల్ వచ్చింది కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

జోడీ కుదర్చడానికి పేర్లు వాడకూడదు, నంబర్లు వాడాలి. మన పత్రికల్లోనే ఒకరు ధోని అని, ఒకరు ధోనీ అని రాస్తారు. చదివేవాళ్లకు ఇబ్బంది లేదు. డేటాబేస్‌కు వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు.

మరికొన్ని గుంటలు

ఫైనల్లో భారత్ 48.2 ఓవర్లలో 277 చేసింది. 48.2 అన్నది దశాంశ సంఖ్య కాదు, 48 ఓవర్ల 2 బంతులు. దాన్ని దశాంశ కాలమ్‌లో పెట్టి కూడికలు చేస్తే తప్పులు మొదలవుతాయి. ఇద్దరు బౌలర్లు చెరో 9.4 ఓవర్లు వేస్తే మొత్తం 19.2. కంప్యూటర్ 18.8 అంటుంది. ఓవర్‌లో ఎనిమిదో బంతి ఎక్కడి నుంచి వచ్చిందో మరి! రన్‌రేట్ కూడా 5.73కి బదులు 5.75 అవుతుంది. నెట్ రన్‌రేట్ మీద జట్ల భవితవ్యం తేలే ఆటలో ఇది చిన్న తేడా కాదు. ఓవర్లు కాకుండా బంతులు దాచుకోవడమే మార్గం. 48.2 అంటే 290 బంతులు. ఆ రోజు సెహ్వాగ్ 2, సచిన్ 14, గంభీర్ 122, కోహ్లీ 49, ధోని 79, యువరాజ్ 24 బంతులు ఆడారు. కూడితే సరిగ్గా 290.

ఎక్కువ వికెట్లు తీసినవాణ్ని చూపించమని, వికెట్ల వరసలో పేర్చి, లిమిట్ 1 (ఒక్క వరస చాలు) అని పెడితే ఒక్క పేరే వస్తుంది. ఆ టోర్నీలో జహీర్ ఖాన్, షాహిద్ అఫ్రిది ఇద్దరూ 21 తీశారు. ఇద్దరిలో ఎవరు కనిపిస్తారన్నది అదృష్టం.

ఇక హైదరాబాద్‌కు ఎన్ని ఐపీఎల్ టైటిళ్లు? జట్టు పేరుతో గ్రూప్ చేస్తే 2009లో డెక్కన్ చార్జర్స్‌కు ఒకటి, 2016లో సన్‌రైజర్స్‌కు ఒకటి. నగరం పేరుతో చేస్తే రెండు. ఇందులో తప్పొప్పుల్లేవు. ఏది అడుగుతున్నారో మీరే తేల్చుకోవాలి, డేటాబేస్ తేల్చదు.

మైదానం బయట

ఇవన్నీ స్కోర్‌బోర్డు ముచ్చట్లుగా కొట్టిపారేయకండి. ఒక మండలంలో వర్షమాపకం చెడిపోయి ఆ రోజు కొలత రాలేదు. గడి ఖాళీగా వదిలితే అది నల్. సున్నా పెడితే ఆ రోజు చుక్క వాన పడలేదని అర్థం. నెల సగటు తీసేటప్పుడు ఈ రెండూ వేర్వేరు అంకెలిస్తాయి, ఆ అంకెల మీద నిర్ణయాలు ఆధారపడతాయి. పరీక్షకు రాని విద్యార్థికి సున్నా వేసి బడి సగటు తీసినా అదే తంతు. లబ్ధిదారుల జాబితాను ఇంకో జాబితాతో జాయిన్ చేసినప్పుడు, రెండోదాంట్లో పేరు లేనివాళ్లు చప్పుడు లేకుండా రాలిపోతారు. ధోనికి పోయేదేమీ లేదు. ఇక్కడ పోయేది ఒక మనిషి పింఛను.

ఇప్పుడు తెలుగులో అడిగినా ఎస్‌క్యూఎల్ రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. అవి రాసే క్వెరీలు చాలావరకు నడుస్తాయి. యువరాజ్ సగటు అడిగితే ఏవీజీ పెట్టి 45.25 చెప్పిన క్వెరీ కూడా నడిచే క్వెరీయే. కాబట్టి రాయించుకోవడం తప్పు కాదు, చదవగలగడం మాత్రం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మొదలుపెట్టడానికి డబ్బు ఖర్చేమీ లేదు. రిచర్డ్ హిప్ 2000లో తయారుచేసిన ఎస్‌క్యూఎల్‌లైట్ ఉచితం. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అది ఇప్పటికే అందులో ఉంది, వాట్సాప్ మెసేజ్‌లు దాచేది దాంట్లోనే. మ్యాచ్‌ల బంతి బంతి వివరాలు క్రిక్‌షీట్ అనే వెబ్‌సైట్ ఉచితంగా ఇస్తోంది. ముందు పైనున్న తొమ్మిది వరసల్నీ చేత్తో కొట్టి 40.22, 45.25, 90.50 మూడూ తెప్పించండి. ఆ తర్వాత 2011 టోర్నీ ఫైళ్లు తెచ్చుకుని, ఎక్కువ పరుగులు చేసిన ముగ్గుర్ని అడగండి. దిల్షాన్ 500, సచిన్ 482, సంగక్కర 465 రావాలి. దిల్షాన్‌కు 500 కంటే ఎక్కువ వస్తే వైడ్లు, లెగ్‌బైలు కూడా అతని ఖాతాలో కలిపేశారన్నమాట, బ్యాట్ నుంచి వచ్చిన పరుగుల కాలమ్‌నే కూడండి. తక్కువ వస్తే ఏదో ఒక మ్యాచ్ ఫైలు ఎక్కలేదు, అది ఏదో కౌంట్‌తో వెతికి పట్టుకోండి.